డేటా సెంటర్లలో విద్యుత్ పొదుపు: కుడతిని నుండి ఒక పాఠం

నవీన శిలాయుగం నాటి బూడిద దిబ్బ వలన కుడతిని పేరు పురాతత్త్వ గ్రంథాలకెక్కింది. నేడు ఇక్కడ బళ్లారి థర్మల్ విద్యుత్ కేంద్రపు బూడిద పేరుకుంటున్నది. 500 మెగావాట్ల యూనిట్లు రెండు, 700 మెగావాట్ల యూనిట్ ఒకటి గల ఈ కేంద్రపు విద్యుత్తు రాష్ట్ర గ్రిడ్‌లో కలిసి నగరాలకు చేరుతుంది. అక్కడ రేయింబవళ్లు ఎడతెగక విద్యుత్తును వాడుకునేవాటిలో డేటా సెంటర్లు ముఖ్యమైనవి.

డేటా సెంటర్ అనగానేమి?

మనం ఫోన్ ద్వారా ఊరికి డబ్బు పంపినా, రైలు టికెట్ తీసుకున్నా ఆ వివరం ఒక సర్వర్‌లో నమోదవుతుంది. అటువంటి సర్వర్లు వందలు, వేలుగా ఉండే భవనమే డేటా సెంటర్. సర్వర్ వాడుకున్న విద్యుత్తు దాదాపు అంతా వేడిగా మారుతుంది. ఆ వేడిని తొలగించుటకు మరల విద్యుత్తు కావలసి వస్తుంది.

పొదుపును కొలిచే విధానం

భవనం మొత్తం వాడకాన్ని కంప్యూటర్ యంత్రాల వాడకంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి పేరు పీయూఈ. అది 1కి ఎంత చేరువైతే అంత మేలు. యంత్రాలు నిరంతరం 1 మెగావాట్ వాడే కేంద్రంలో పీయూఈ 1.8 నుండి 1.4కు తగ్గితే ఏడాదికి సుమారు 35 లక్షల యూనిట్లు మిగులుతాయి. ఆ విద్యుత్తంతా బొగ్గుదే అనుకొని, యూనిట్‌కు 600 గ్రాముల చొప్పున లెక్కిస్తే, 2,100 టన్నుల బొగ్గు ఆదా అవుతుంది. దేశీయ బొగ్గులో సుమారు మూడవ వంతు బూడిదే గనుక, దాదాపు 700 టన్నుల బూడిద తప్పుతుంది.

చేయదగిన పనులు

1. చల్లగాలి, వేడిగాలి కలియకుండా సర్వర్ల వరుసల మధ్య తెరలు కట్టాలి. ర్యాకులలోని ఖాళీలను మూతలతో మూయాలి.
2. అతిగా చల్లబరచరాదు. సర్వర్లలోకి వెళ్లే గాలి 18 నుండి 27 డిగ్రీల సెల్సియస్ వరకు ఉండవచ్చునని అమెరికాకు చెందిన ఇంజినీర్ల సంఘం ఆష్రే సూచిస్తున్నది.
3. పనిలేని సర్వర్లను గుర్తించి ఆపాలి. ఒకే యంత్రంపై అనేక పనులు నడపాలి.
4. వాతావరణం అనుకూలించినప్పుడు బయటి చల్లగాలిని వడగట్టి వాడుకోవాలి. నీటి ఆవిరితో చల్లబరచే పద్ధతి విద్యుత్తును మిగిల్చినా నీటిని ఖర్చు చేస్తుంది; నీటి కొరత గల చోట రెండు లెక్కలూ చూడాలి.

మన పాత్ర

బ్యాంకులు, ఆసుపత్రులు, కార్యాలయాలలోనూ చిన్న సర్వర్ గదులుంటాయి. వాటిలో ఎలక్ట్రీషియన్లుగా, ఏసీ మెకానిక్‌లుగా, కాపలాదారులుగా మనవారు అనేకులు పనిచేస్తున్నారు. ఏసీ అనవసరంగా 16 డిగ్రీలపై ఉన్నా, తలుపు సరిగా మూతపడకున్నా బాధ్యులకు తెలియజేయండి. వారి అనుమతి లేకుండా మార్పులు చేయకండి. నగరంలో మిగిలిన యూనిట్ ఏదో ఒక కుడతినిలో బూడిదను తగ్గిస్తుంది.

అభ్యాసం: ఒక కేంద్రం మొత్తం 150 యూనిట్లు వాడగా, అందులో యంత్రాలు వాడినవి 100. పీయూఈ ఎంత? (జవాబు: 1.5)