పాత ఇల్లు ఖాళీ చేసే ముందు

పిల్లలు పట్నాలలో స్థిరపడిన తరువాత, ముప్పయి నలభై ఏళ్లు కాపురమున్న ఇంటిని వదిలి రెండు గదుల ఫ్లాటుకు మారవలసిన అవసరం అనేకమంది పెద్దలకు వస్తోంది. సామాను తగ్గించడమంటే లారీ కిరాయి తగ్గించడమే అని చాలామంది అనుకుంటారు. కాని ఇది పెద్దల ఆరోగ్యానికి సంబంధించిన విషయం కూడా. అటక మీది దుమ్ము, బీరువాలోని పాత మందులు, కాలికి అడ్డుపడే సామాను శరీరానికి ముప్పు తెస్తాయి. తమను అడగకుండా తమ వస్తువులు పారేస్తే మనసు గాయపడుతుంది.

సామాను ఎందుకు తగ్గించాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది కింద పడడం వలన మరణిస్తున్నారు. వీరిలో 60 ఏళ్లు దాటినవారే ఎక్కువ. పెద్ద ఇంటి సామానంతా చిన్న ఇంట్లో కుక్కితే నడిచే దారి ఉండదు. రాత్రి మూత్రానికి లేచినప్పుడు ట్రంకు పెట్టె తగిలి పడితే తుంటి ఎముక విరగవచ్చు. అందుచేత ముందుగా కొత్త ఇంటి గదులు కొలవండి. మంచం నుండి స్నానాల గది వరకు 3 అడుగుల వెడల్పు దారి ఉండాలి. ఆ దారి విడిచిన తరువాత మిగిలిన చోటులో పట్టేంత సామాను మాత్రమే తీసుకువెళ్లాలి.

నిర్ణయం ఎవరిది?

సామాను ఎవరిదో నిర్ణయం వారిదే. అమ్మానాన్నలు ఊరు వెళ్లినప్పుడో, ఆసుపత్రిలో ఉన్నప్పుడో ఇల్లు ఖాళీ చేయకండి. “ఈ చెత్తంతా ఎందుకమ్మా?” అనడం కంటే “అమ్మా, ఈ మూడు బిందెలలో ఏది మనతో తీసుకెళదాం?” అని అడగండి. మతిమరుపు ఉన్నవారికి ఒకేసారి రెండు వస్తువులు మాత్రమే చూపించి అడగాలి.

- కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి. రోజుకు ఒక గంట చాలు.
- ఖాళీ డబ్బాలు, విరిగిన బకెట్లు, పాత పేపర్లతో ప్రారంభించండి. తరువాత వంటపాత్రలు, బట్టలు చూడండి. ఫొటోలు, ఉత్తరాలు చివరకు ఉంచండి. వాటితో మొదలుపెడితే పని సాగదు.
- తీసుకువెళ్లేవి, అయినవారికి ఇచ్చేవి, అమ్మేవి, పారవేసేవి అని నాలుగు కుప్పలుగా వేరు చేయండి.
- భోషాణం, తిరగలి వంటివి తీసుకువెళ్లలేకపోతే వాటి పక్కన పెద్దవారిని నిలబెట్టి ఫొటో తీయండి. పుట్టిన తేదీలు రాసి ఉన్న కుటుంబ బైబిలు వంటివి తప్పక వెంట ఉంచండి.

కొందరు పనికిరానివి కూడా పారవేయలేరు. పడుకోవడానికి చోటు లేకపోయినా పోగుచేస్తూనే ఉంటారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీనిని ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించింది. ఇంతకుముందు లేని ఈ అలవాటు వృద్ధాప్యంలో కొత్తగా వస్తే మతిమరుపు జబ్బు, దిగులు కారణం కావచ్చు. మందలించకుండా డాక్టరుకు చూపించండి.

మందుల పెట్టె

మందులన్నీ ఒకచోట పోసి గడువు తేదీ చూడండి. గడువు దాటినవి, పేరు చెరిగిపోయినవి వాడకండి, ఇతరులకు ఇవ్వకండి, కాల్చకండి. మాత్రలను రేకు నుండి తీసి, వాడిన టీ పొడితో కలిపి, కవరులో మూటకట్టి చెత్తలో వేయవచ్చు. నిద్రమాత్రలు, మత్తు కలిగించే నొప్పి మందుల విషయం మందుల షాపులో అడగండి. ఇన్సులిన్ సూదులను మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఆసుపత్రిలో అప్పగించండి.

పాత థర్మామీటరు పగిలితే కిటికీలు తెరవండి. పాదరసాన్ని చీపురుతో ఊడ్చకండి. ఉంగరాలు, గాజులు తీసివేసి, గట్టి అట్టముక్కతో బొట్లను చేర్చి సీసాలో వేసి మూత బిగించండి. పాదరసం తగిలితే బంగారం పాడవుతుంది.

అటక శుభ్రం చేసేటప్పుడు

పెద్దలు నిచ్చెన ఎక్కకూడదు. కింద కుర్చీలో కూర్చుని ఏది ఏమిటో చెప్పాలి. ఆయాసం ఉన్నవారు ఆ గదిలో ఉండకూడదు. పనిచేసేవారు ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు వేసుకోవాలి. తేళ్లు ఉండవచ్చు కనుక చూడకుండా చేయి పెట్టకండి. ఎలుకల పెంటికలను పొడిగా ఊడ్చకుండా, బ్లీచింగ్ పౌడరు నీళ్లు చల్లి కొంతసేపు ఆగి, తడిగుడ్డతో తీయండి. బ్లీచింగ్ పౌడరును యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది.

కాగితాల సంచి

పాత కాగితాలను చూడకుండా తూకానికి వేయకండి. ఇంటి దస్తావేజులు, పట్టాదారు పాసు పుస్తకం, పెన్షన్ కాగితాలు, బీమా పాలసీలు, బాప్తిస్మ, వివాహ ధ్రువపత్రాలు ఒక సంచిలో ఉంచండి. పాత బ్యాంకు పాసుపుస్తకం కూడా పారవేయకండి. 10 ఏళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి చేరినా, ఖాతాదారు లేక వారసులు తమ బ్యాంకు ద్వారా తిరిగి పొందవచ్చు. ఇందుకోసం 2023లో ఉద్గమ్ అనే వెబ్‌సైటు వచ్చింది. డాక్టరు చీటీలు, ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు వేరే సంచిలో పెట్టండి. ఈ రెండు సంచులు, రోజువారీ మందులు లారీలో కాక చేతిలో ఉండాలి.

కొత్త ఇంట్లో

మొదటి రాత్రికే మంచం సిద్ధం చేయండి. పాత దుప్పటి, అలవాటైన పడక కుర్చీ, గోడ గడియారం ముందుగా అమర్చండి. స్నానాల గదికి వెళ్లే దారిలో చిన్న దీపం వెలిగించి ఉంచండి. కొన్ని వారాలు దిగులు సహజం. నిద్ర, ఆకలి రెండు వారాలకు పైగా తగ్గితే డాక్టరును సంప్రదించండి.

ఇంట్లో మాట్లాడుకోవడానికి

1. మన ఇంట్లో రాత్రివేళ కాలికి అడ్డుపడే వస్తువులు ఏవి?
2. గడువు దాటిన మందులు ఎక్కడెక్కడ ఉన్నాయి?
3. అమ్మానాన్నలు తప్పక తమతో ఉంచుకోవాలనుకునే ఐదు వస్తువులు ఏవి? వారిని అడిగారా?