తాతయ్య స్ప్లెండర్ నీ చేతికొచ్చాక



తాతయ్య హీరో హోండా స్ప్లెండర్‌ను ఇకమీద నువ్వే నడుపుతానన్నావని, పానాల సెట్టు కూడా కొనుక్కున్నావని అమ్మ చెప్పింది. చాలా సంతోషం తల్లీ. 1994లో ఆ మోడల్ వచ్చింది మొదలు అందరూ మైలేజీ గురించే మాట్లాడారు. నాకు మాత్రం దానిలో నచ్చేది వేరే. 97.2 సీసీల ఆ చిన్న ఇంజను తన బాధేదో ముందుగానే బయటికి చెప్పేస్తుంది. అందుకే పానా పట్టేముందు చూడటం, వినడం నేర్చుకో.

అన్నిటికన్నా ముందు ఆయిల్. ఈ బండిలో ఇంజనుకీ, గేర్లకీ, క్లచ్ ప్లేట్లకీ ఒకటే ఆయిల్. మార్చినప్పుడు పట్టేది లీటరులోపే. అందులో పావు లీటరు తగ్గినా ఇంజనుకు గండమే. చదునైన చోట సెంటర్ స్టాండ్ వేసి, రెండు మూడు నిమిషాలు ఇంజను నడిపి ఆపు. కాసేపాగి కుడివైపున్న ఆయిల్ మూత విప్పు. దానికున్న పుల్లను గుడ్డతో తుడిచి, మర తిప్పకుండా ఊరికే దించి తియ్యి. తడి రెండు గీతల మధ్య ఉండాలి. కింది గీతకు దిగితే ఆ పూట బండి తియ్యకు. ఎక్కడా కారకుండానే తగ్గుతోందీ, సైలెన్సరులోంచి నీలం పొగ వస్తోందీ అంటే ఇంజను ఆయిల్ తాగుతోందన్నమాట. అది షెడ్డులో చూపించాల్సిన పని.

పాత బండి కాబట్టి 3000 కిలోమీటర్లు దాటకముందే ఆయిల్ మార్చెయ్. డబ్బా మీద 20డబ్ల్యూ40, జాసో ఎంఏ అని ఉందో లేదో చూసి కొను. ఇంట్లో మిగిలింది కదా అని కారు ఆయిల్ పొయ్యకు. రాపిడి తగ్గించడానికి అందులో కలిపే మందుల వల్ల క్లచ్ ప్లేట్లు జారతాయి. ఇంజను అరుస్తుంది, బండి మాత్రం కదలదు. తీసిన నల్ల ఆయిల్‌ను కాలవలో పారబొయ్యకు, డబ్బాలో పట్టి షెడ్డులో ఇచ్చెయ్.

ఇక చైను. చైన్ కవరుకున్న రబ్బరు మూత తీసి, కింది చైనును వేలితో పైకీ కిందికీ ఆడించు. ఆట ముప్పావు అంగుళం నుంచి అంగుళం దాకా ఉండాలి. ఒక్కచోట చూసి సరిపెట్టుకోకు. అరిగిన చైను ఒకచోట బిగుతుగా, ఇంకోచోట వదులుగా ఉంటుంది. చక్రం నెమ్మదిగా తిప్పుతూ బాగా బిగుసుకున్న చోటు పట్టుకుని, అక్కడ కొలత పెట్టు. లేకపోతే తిరిగే ప్రతిసారీ ఆ బిగువంతా గేర్‌బాక్స్ బేరింగు మీద పడుతుంది. చక్రానికి రెండువైపులా ఉన్న గుర్తులు సమానంగా రావాలి. చైను పని చేసేటప్పుడు ఇంజను ఆపి తాళం చేతికి తీసుకో, చున్నీ నడుముకు బిగించు.

ప్లగ్గు విప్పితే దాని ముక్కు రంగు చూడు. లేత ఇటుక రంగైతే బాగున్నట్టు, పొడి మసైతే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు, జిడ్డు నలుపైతే ఆయిల్ పైకెక్కుతున్నట్టు. మళ్లీ పెట్టేటప్పుడు మొదట చేత్తోనే తిప్పాలి. మర వంకరగా ఎక్కిందా, అల్యూమినియం హెడ్డు పాడవుతుంది.

బండి వారాల తరబడి కదలదనుకుంటే పెట్రోలు ట్యాపు మూసి, కార్బొరేటర్ గిన్నె కిందున్న స్క్రూ వదిలి ఖాళీ చెయ్. నిలవ పెట్రోలు జిగురై సన్నటి జెట్లు మూసుకుపోతాయి.

టాపెట్ల జోలికి ఇప్పుడే వెళ్లకు. వెంట్రుక మందమంత సందును చల్లటి ఇంజను మీద కొలవాలి. మెకానిక్ చేస్తుంటే పక్కన నిలబడి చూడు, అడుగు, వాళ్లు సంతోషంగా చెబుతారు.

చివరగా ఒక మాట. చైను బిగించడానికి చక్రం వెనక్కి జరిపితే వెనక బ్రేకు ఆట కూడా మారిపోతుంది. ప్రతిసారీ పెడలు తొక్కి చూసుకుని, రాడ్డు నట్టు సరిచేసుకో. బ్రేకు చేతి దగ్గరున్న బాణం గుర్తు అరుగుదల గీతను తాకిందంటే బ్రేకు షూలు అయిపోయినట్టే. అవి మార్పించేదాకా అమ్మను వెనక ఎక్కించుకోకు.