చింతపిక్కల లెక్క

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. అంగన్‌వాడీకి వెళ్తాడు. పక్కింటి పాప ఎల్‌కేజీలోనే వంద వరకు రాసేస్తోంది. మావాడికేమో చింతపిక్కలతో ఆటే. బడి మార్చమంటారా?
– ఒక తల్లి, కామవరపుకోట

జవాబు: మార్చే ముందు, పిక్కల కుప్పలోంచి ఏడు తీసి ఇమ్మనండమ్మా. వంద దాకా అప్పజెప్పే పిల్లలు కూడా చాలామంది ఇక్కడ తడబడతారు. అంకెల వరస నోటికి రావడం వేరు, ఏడంటే ఎన్నో తెలియడం వేరు. ఆ తెలివి చేత్తో తీసి, పెట్టి, పంచితేనే వస్తుంది. రాతకైతే ఈ వయసులో వేళ్ల పట్టు ఇంకా కుదరదు. బలవంతపెడితే అక్షరం కన్నా ముందు విసుగు వస్తుంది. ఒకటో తరగతిలో వెనకబడతాడేమో అంటారా? 2020 జాతీయ విద్యా విధానమే మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు పునాది దశ అని, ఆటపాటలతో నేర్పమని చెప్పింది. తొందరేం లేదు.

అయితే ఆటంటే పిల్లాణ్ణి వదిలేయడం కాదు, పక్కన కూర్చుని మాట్లాడటం. (అసలు కష్టం అదే!) పిక్కలు ఇంట్లో అందరికీ సమంగా పంచమనండి. ముక్కులో పెట్టుకోకుండా కనిపెట్టి ఉండండి. కొబ్బరి చిప్ప నీళ్లలో తేలుతుందా అని అడగండి. తప్పు చెప్పినా దిద్దకుండా వేసి చూడనివ్వండి. తర్వాత చిప్పలో నీళ్లు నింపితే ఎందుకు మునిగిందో వాణ్ణే ఆలోచించనివ్వండి. పళ్లెంలో బియ్యప్పిండి పరిచి, వాడి పేరులో మొదటి అక్షరం వేలితో దిద్దించండి.

పిలిస్తే పలకకపోయినా, చిన్న వాక్యాలు మాట్లాడలేకపోయినా, వచ్చిన మాటలు మరిచిపోతున్నా ఆగకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుకు చూపించి, వినికిడి పరీక్ష గురించి అడగండి.