రవీంద్రనాథ ఠాకూరుగారి జీవితము: పలుకునకును నడతకును గల సంబంధము

ఒక మహాకవిని తెలిసికొనుటకు రెండు మార్గములు గలవు. ఆయన గ్రంథములను చదివి యానందించుట మొదటిది. ఆ గ్రంథములందు చెప్పబడిన ధర్మము ఆయన యింటిలోను, పాఠశాలలోను, జమీందారీలోను ఎట్లు నడచెనో పరిశీలించుట రెండవది. పత్రములను సాక్ష్యముతో సరిచూచుట మాకు వృత్తి గనుక, ఈ రెండవ మార్గమునే మేము అవలంబింతుము. ఇట్లు చూచినచో రవీంద్రనాథులు పుట్టుకతోనే పరిపూర్ణులైన ఋషిగా గాక, చిరకాలము తమతో తామే వాదించుకొని గెలిచిన మనుష్యులుగా గోచరింతురు. సంస్కారాభిలాషులకు ఉపయోగించు పాఠము ఆ వాదమునందే కలదు.

1861వ సంవత్సరము మే నెల 7వ తేదీని కలకత్తాలోని జొరాసాంకో భవనమున ఆయన జన్మించిరి. రాజా రామమోహనరాయలు 1828లో నెలకొల్పిన బ్రాహ్మసమాజమును క్షీణింపకుండ నిలిపిన మహర్షి దేవేంద్రనాథులు ఆయన తండ్రి. ఉపనిషత్పఠనము, ఏకేశ్వరోపాసనము, సంగీతము ఆ యింట నిత్యకృత్యములు. అయినను మహర్షి విగ్రహారాధనమును విడిచినంత త్వరగా కులాచారములను విడువలేదు. ఈ భేదము చేతనే 1866లో కేశవచంద్రసేనులు వేరుపడి భారతవర్షీయ బ్రాహ్మసమాజమును స్థాపించిరి. మహర్షి పక్షము ఆది బ్రాహ్మసమాజమను పేర నిలిచెను. 1884లో దాని కార్యదర్శిత్వము రవీంద్రులకు వచ్చెను. కావున ఆయనకు పిత్రార్జితముగా లభించినది సగము సంస్కారము, సగము సంప్రదాయము.

ఆయనను న్యాయవాదిని చేయవలెనని పెద్దలు తలచి 1878లో ఇంగ్లండునకు పంపిరి. పట్టము లేకయే 1880లో ఆయన మరలి వచ్చిరి. 1881లో రెండవమారు బయలుదేరి, చెన్నపట్టణము వరకు వచ్చి, అక్కడనుండియే వెనుకకు మరలిరి. తరువాత 1890 ప్రాంతమున తండ్రి ఆజ్ఞచే తూర్పు వంగదేశమందలి జమీందారీ వ్యవహారములను చూచుటకు పోయిరి. శిలైదహము, షాజాదుపురము, పతిసరము అను తావులందు పద్మానదిమీద పడవలో నివసించుచు రైతుల కష్టసుఖములను కన్నులార చూచిరి. ఆయన కథలకు ప్రాణము అక్కడ లభించెను.

ఇక పరీక్షకు వత్తము. 1883లో ఇరువది రెండేండ్ల రవీంద్రులు సుమారు పదేండ్ల బాలికను పరిణయమాడిరి. 1887లో హిందూ వివాహమును గూర్చి యొక వ్యాసము చదివి బాల్యవివాహ సమర్థకుల వాదములను ఖండించిరి. 1891లో ‘దేనా పావనా’ అను కథ వ్రాసి, కట్నము చాలక అత్తవారింట కృశించి మరణించిన వధువును లోకమునకు చూపిరి. ఇట్టివారే 1901లో పెద్ద కుమార్తెను పదునాలుగవ యేట, రెండవ కుమార్తె రేణుకను పదవ యేట వివాహము చేసిరి. ఆ రేణుక 1903లో క్షయవ్యాధిచే గతించెను. 1901 డిసెంబరులో అయిదుగురు బాలురతో శాంతినికేతనమున బ్రహ్మచర్యాశ్రమము తెరవబడెను. బ్రాహ్మణ విద్యార్థులు బ్రాహ్మణేతరుడగు ఉపాధ్యాయునకు పాదాభివందనము చేయవలెనా యను ప్రశ్న 1902లో అచ్చట పుట్టగా, రవీంద్రులు ఆచార పక్షముననే తీర్పు చెప్పిరి.

ఈ సంగతులను దాచిపెట్టుట భక్తి యని కొందరు తలంతురు. మాకట్లు తోచదు. వీనిని దాచితిమేని, తరువాత వచ్చిన మార్పు యొక్క విలువ తెలియకపోవును.

ఆ మార్పు దుఃఖకాలమున వచ్చెను. 1902లో భార్యయు, 1905లో తండ్రియు, 1907లో కనిష్ఠ పుత్రుడగు శమీంద్రుడును గతించిరి. ఈ నడుమనే 1905లో వంగదేశ విభజనమునకు ప్రతిగా స్వదేశీయోద్యమము లేచెను. రవీంద్రులు పాటలు కట్టి, రాఖీలు కట్టించి, ముందు నడిచిరి. కాని పేద వర్తకుని దుకాణమందలి విదేశవస్త్రమును బలాత్కారముగా దగ్ధము చేయుట చూచి వెనుదీసిరి. ముసల్మాను రైతులు ఈ యుద్యమమున ఏల చేరలేదని ఆయన తమలో తాము ప్రశ్నించుకొనిరి. దానికి సమాధానము తమ కచేరీలోనే దొరకెను. ముసల్మాను రైతు కూర్చుండవలసి వచ్చినపుడు పరచిన జంపఖానా యంచును మడచి అతనికి వట్టినేల చూపు నాచారము అచ్చట నుండెనని ఆయనయే వ్రాసిరి. పక్కన కూర్చుండనీయని వానిని సోదరుడా యని పిలిచిన, వాడేల పలుకును?

ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరమే 1910లో గ్రంథముగా వెలువడిన ‘గోరా’ నవల. ఆచారాభిమానమున మునిగిన యువకుడు తాను పుట్టుకచే హిందువుడనే కానని తెలిసికొని, మానవమాత్రుడుగా దేశమును ప్రేమించుట నేర్చుట అందలి వృత్తాంతము. అదే సంవత్సరమున రవీంద్రులు తమ కుమారుడగు రథీంద్రనాథునకు బాలవితంతువగు ప్రతిమాదేవినిచ్చి వివాహము చేసిరి. గ్రంథమును, గృహమును ఒక్క యేటనే ఒక్క మాట పలికినవి. 1902లో ఆచారమునకు తలయొగ్గిన యాశ్రమాధిపతియే 1933లో అస్పృశ్య బాలికను నాయికగా చేసి ‘చండాలిక’ను రచించిరి.

రైతుల విషయమునను ఆయన మాటలతో తృప్తి చెందలేదు. వడ్డీవ్యాపారుల బాధనుండి విడిపించుటకు 1905లో పతిసరమున వ్యవసాయ బ్యాంకును స్థాపించి, 1913లో లభించిన నోబెల్ బహుమాన ధనమును అందు నిలువచేసిరి. కాళీగ్రామ పరగణాలో రైతులు న్యాయస్థానముల మెట్లెక్కి చెడిపోకుండ, తాము ఎన్నుకొన్న పెద్దల యెదుటనే తగవులు తీర్చుకొను పద్ధతి యేర్పరచిరి. ఇందు మా వృత్తికి కొంత నష్టమున్నను, ధర్మమునకు లేదు. 1922లో ఎల్మ్‌హర్‌స్ట్ గారి సాయమున సురూల్ గ్రామమున శ్రీనికేతనమును నెలకొల్పి, కృషి, చేతిపనులు, ఆరోగ్యరక్షణ నేర్పించిరి.

ఆయన తత్త్వము ఈ నడతకు వేరు గాదు. ఉపనిషత్తుల యనంతుని ఆయన అరణ్యమున గాక మానవ సంబంధములందు వెదకిరి. 1930లో ఆక్సుఫర్డున ఉపన్యసించి, 1931లో ‘మానవ ధర్మము’ను గూర్చిన గ్రంథముగా ప్రకటించిన యాశయమిదియే. ఈ కారణము చేతనే జాతీయతను దైవముగా కొలుచుటను 1916లో జపాను, అమెరికాలందు ఖండించిరి. ఈ కారణము చేతనే జలియన్‌వాలాబాగు వధానంతరము 1919 మే నెల చివర ‘సర్’ బిరుదమును త్యజించిరి. 1934లో బీహారు భూకంపము అస్పృశ్యతా పాపమునకు శిక్ష యని గాంధీమహాత్ములు చెప్పగా, అస్పృశ్యతను తామును ద్వేషించుచునే, ప్రకృతి సంఘటనమునకు నైతిక కారణము కల్పించుట తగదని బహిరంగముగా విభేదించిరి. మంచి ఫలము కొరకైనను యుక్తిని బలియీయరాదని ఆయన నిశ్చయము. ఇంత విభేదించియు వారిరువురి పరస్పర గౌరవము తరుగకపోవుట పాఠకులు గమనింపదగును.

ఆంధ్రదేశమునకును ఈ జీవితముతో సంబంధము గలదు. 1911లో కలకత్తా కాంగ్రెసున పాడబడిన ‘జనగణమన’ గీతమునకు రవీంద్రులు ఆంగ్లానువాదము చేసినది 1919 ఫిబ్రవరిలో మదనపల్లె కళాశాలయందు. అది 1950 జనవరి 24వ తేదీని జాతీయగీతముగా స్వీకరింపబడెను. 1933లో ఆంధ్ర విశ్వవిద్యాలయమున మానవుని గూర్చి ఆయన యిచ్చిన యుపన్యాసములను ఆ విశ్వవిద్యాలయమే 1937లో ప్రకటించెను.

1941 ఆగస్టు 7వ తేదీని ఆయన జొరాసాంకోలోనే తనువు చాలించిరి. 1921లో ఆయన స్థాపించిన విశ్వభారతి 1951లో కేంద్ర విశ్వవిద్యాలయమాయెను. 2023లో శాంతినికేతనము ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడెను. గౌరవములకు లోపము లేదు.

అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. సభలలో కట్నమును ఖండించి యింట పుచ్చుకొనుటయు, కులభేదము లేదని వ్రాసి పెండ్లి సంబంధములను కులమున వెదకుటయు మన విద్యావంతులలో నేటికిని కలవు. మనకట్టి లోపములుండుట వింత కాదు, రవీంద్రులకును ఉండెను. ఆయన తమ పలుకును తమ యింటికే న్యాయాధిపతిగా కూర్చుండబెట్టి, ఆ తీర్పునకు తలయొగ్గిరి. ఆయన గీతములను పాడువారు ఆ న్యాయపీఠమును తమ యింట కూడ వేయించుకొందురు గాక.