వేరుశనగ బిస్కెట్లు: చేటతో మొదలయ్యే వంట



పాల పరీక్ష, పశువుల మేత, సంఘం లెక్కలు మొదలైన విషయాలను ఈ పేజీలో తరచు చదువుతూనే ఉంటారు. ఈసారి పాఠం వంటింటికి సంబంధించినది. సహకార ఇన్‌స్పెక్టరుకు బిస్కెట్లతో పనేమిటని కొందరు నవ్వవచ్చును. పాఠం చివరి వరకు చదివినచో ఈ బిస్కెట్టుకు, మన సంఘం క్యానులోని పాలకు గల సంబంధము తెలియగలదు.

కొన్నేళ్ళ క్రిందట వేరుశనగ పండించే ఒక గ్రామములోని మహిళా పాల సంఘం పుస్తకాలు తనిఖీ చేయుటకు వెళ్ళినాను. పని ముగిసిన తరువాత అధ్యక్షురాలు తమ ఇంటికి పిలిచి టీతో పాటు రెండు బిస్కెట్లు పెట్టినారు. ఇంటి వెన్న, వేరుశనగ ముద్ద, బెల్లం కలిపి చేసినవి. బజారు బిస్కెట్టు దీని ముందు దిగదుడుపే అన్నాను. ఆమె సంతోషించి, మరునాటి వంటకు అరుగు మీద కూర్చుని చేటలో పప్పు ఏరసాగినారు. మంచివి గిన్నెలోకి, నల్లబడినవి, ముడుచుకున్నవి, బూజు పట్టినవి వేరే తట్టలోకి వేస్తున్నారు.

"ఆ తట్టలోవి ఏం చేస్తారమ్మా?" అని అడిగాను.

"పారేసేదెందుకు సార్, బర్రెకు కుడితిలో వేస్తాము. ఏదీ వృథా చేయొద్దని మీరే కదా అప్పుడు మీటింగులో చెప్పినారు?" అన్నారు.

నిజమే. అంతకు కొన్నేళ్ళ ముందు అదే సంఘం సమావేశములో, ఏరి పారేసిన పప్పును పశువులకు వాడుకొండని చెప్పినది నేనే. అది తప్పుడు సలహా. ఆ తప్పు దిద్దుకొనుటకే ఈ పాఠము.

ఈ బిస్కెట్టు పుట్టుక

రాయలసీమలో చెనక్కాయలనీ, తెలంగాణలో పల్లీలనీ పిలుచుకొనే వేరుశనగ మన పంటే అనుకుంటాము గాని, దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. వేయించిన పప్పును మెత్తని ముద్దగా నూరి వెన్నవలె రొట్టెకు రాసుకొనే అలవాటు 19వ శతాబ్దం చివర ఉత్తర అమెరికాలో వ్యాపించినది. దానినే వారు పీనట్ బటర్ అంటారు. పేరులో వెన్న ఉన్నది గాని అందులో పాల వెన్న ఉండదు.

అమెరికాలోని టస్కీగీ విద్యాసంస్థలో పనిచేసిన జార్జ్ వాషింగ్టన్ కార్వర్ అను నల్లజాతి శాస్త్రజ్ఞుడు 1916లో ఒక చిన్న పుస్తకం ప్రచురించినాడు. వేరుశనగను ఎట్లా పండించాలో, దానితో 105 రకాల వంటకాలు ఎట్లా చేయాలో అందులో వివరించినాడు. వేరుశనగ బిస్కెట్లు కూడా వాటిలో ఉన్నవి. ఏటేటా పత్తి వేసి నేల సారం పోగొట్టుకున్న పేద రైతులు వేరుశనగ పండించి, ఇంటిల్లిపాదీ తిని బలపడాలని ఆయన ఉద్దేశము. అనగా ఈ బిస్కెట్టు మొదటినుంచీ రైతు ఇంటి వంటే.

కావలసిన సామగ్రి

వేయించి పొట్టు తీసిన వేరుశనగ పప్పు 150 గ్రాములు, వెన్న 100 గ్రాములు, మెత్తగా పొడి చేసిన బెల్లం 120 గ్రాములు, గోధుమపిండి 180 గ్రాములు, తినే సోడా అర టీచెంచా, ఉప్పు చిటికెడు, కాచి చల్లార్చిన పాలు రెండు మూడు చెంచాలు. దీనికి గ్రుడ్డు అవసరం లేదు. ఈ కొలతకు 22 బిస్కెట్ల వరకు వచ్చును.

వెన్న గురించి ఒక మాట. ఏడు శాతం వెన్న గల గేదె పాలు సుమారు లీటరున్నర ఉంటే ఇంటి కవ్వంతో 100 గ్రాముల వెన్న తీయవచ్చును. ఉన్న పాలన్నీ సంఘానికి పోసి పిల్లలకు నీళ్ళ మజ్జిగ మిగిల్చే ఇండ్లను నేను చాలా చూసినాను. వారానికొక పూట లీటరున్నర పాలు ఇంట్లో ఉంచుకొన్నంత మాత్రాన ఏ సంఘమూ నష్టపోదు. ఇంటి వెన్నలో నీరు ఎక్కువగా ఉండును గనుక చల్లని నీటితో కడిగి, చేతితో అదిమి నీరు పిండివేయవలెను. వెన్నకు బదులు నెయ్యి వాడినచో 80 గ్రాములు చాలును. అప్పుడు పాలు ఒక చెంచా అదనంగా పోయవలెను.

చేయు విధానము

1. పప్పును ముందుగా చేటలో పోసి ఏరవలెను. బూజు పట్టినవి, రంగు మారినవి, ముడుచుకున్నవి, పురుగు తొలిచినవి, ముక్కిన వాసన వచ్చేవి తీసివేయవలెను. సందేహమున్న గింజను కూడా తీసివేయుటే మంచిది.

2. మందపాటి మూకుడులో సన్నని సెగ మీద, కలుపుతూ దోరగా వేయించవలెను. చల్లారిన తరువాత గుడ్డలో వేసి నలిపి పొట్టు చెరగవలెను.

3. తడి లేని మిక్సీలో ఆపి ఆపి తిప్పవలెను. మొదట పొడి అగును, తరువాత ఉండ కట్టును, ఇంకా తిప్పగా నూనె వదలి జారు ముద్ద అగును. పొడి దశలో కంగారుపడి నీరు పోయరాదు. నీరు తగిలిన ముద్ద నిలువ ఉండదు. రోట్లో కూడా నూరవచ్చును గాని సమయం పట్టును.

4. వెన్న, బెల్లం పొడి కలిపి తెల్లబడే వరకు గిలకొట్టి, వేరుశనగ ముద్ద చేర్చవలెను. సోడా, ఉప్పు కలిపి జల్లించిన గోధుమపిండి వేసి, మునివేళ్ళతో కలుపుతూ తగినన్ని పాలు చిలకరించి ముద్ద చేయవలెను. చపాతీ పిండివలె మర్దించరాదు.

5. నిమ్మకాయంత ఉండలు చేసి, నెయ్యి రాసిన పళ్ళెములో వేలెడు దూరంలో ఉంచి, ఫోర్కుతో గాని గరిటె కాడతో గాని అడ్డంగా, నిలువుగా నొక్కవలెను.

6. ఓవెన్ ఉన్నవారు 175 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో 12 నుంచి 15 నిమిషాలు కాల్చవలెను. లేనివారు పాత మందపాటి గిన్నెలో అంగుళం మందాన పొడి ఇసుక పోసి, దానిపై చిన్న స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు వేడి చేసిన తరువాత పళ్ళెం అందులో దించవలెను. మధ్యస్థపు సెగపై 20 నుంచి 25 నిమిషాలు పట్టును. అంచులు బంగారు రంగుకు రాగానే దించవలెను.

ఎందుకిట్లా చేయవలెను?

పిండిని మర్దించినచో గోధుమలోని జిగురు సాగి బిస్కెట్టు గట్టిపడును. వెన్న పిండి రేణువులను కప్పి ఉంచినప్పుడే నోట వేసుకొనగానే విరుగును. వేరుశనగ పిండి బరువైనది గనుక పొయ్యి మీద తనంతట తాను పరుచుకోదు. నొక్కనిచో పైన కాలి లోపల పచ్చిగా మిగులును. ఫోర్కు గీతలు అందానికి మాత్రమే కాదన్నమాట. ఇక దించిన వెంటనే బిస్కెట్టు మెత్తగా ఉన్నదని మరల కాల్చరాదు. కరిగిన వెన్న, బెల్లం చల్లారితే గాని గట్టిపడవు. పది నిమిషాలు కదపక ఉంచి, పూర్తిగా ఆరిన తరువాత డబ్బాలో పెట్టినచో పది రోజులు నిలువ ఉండును.

లెక్క చూసినచో ఒక్కొక్క బిస్కెట్టులో సుమారు రెండున్నర గ్రాముల మాంసకృత్తులు, 120 కేలరీలు ఉండును. బడి నుంచి వచ్చిన పిల్లకు రెండు బిస్కెట్లు, ఒక గ్లాసు పాలు చక్కని ఉపాహారము. బెల్లమైనా తీపి తీపే గనుక షుగరు వ్యాధి ఉన్నవారు అతిగా తినరాదు. కొద్దిమందికి వేరుశనగ అసలే పడదు. అట్టివారికి పెట్టరాదు.

ఇదే ఏరిన పప్పుతో బెల్లం పాకం పట్టి, చెంచాడు నెయ్యి వేసి పల్లీ పట్టీలు, ఉండలు కూడా చేసుకొనవచ్చును. అవి మన ఆడవారికి నేను నేర్పవలసినవి కావు. కాని ఏరుట అనే మొదటి మెట్టు వాటికీ వర్తించును.

తట్టలోని పప్పు ఎక్కడికి పోవలెను?

ఇదే ఈ పాఠములోని ముఖ్యాంశము. కోతకు ముందు ఎండకు బెట్టపడిన చేలో, కోత సమయమున వానకు తడిసిన కుప్పలో, సరిగా ఎండని బస్తాలో వేరుశనగపై ఒక జాతి బూజు పెరుగును. అది పుట్టించే విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయినవి. దాణాలోని బూజు పట్టిన వేరుశనగ చెక్కే అందుకు కారణమని తేలగా, ఈ విషం సంగతి లోకానికి తెలిసినది. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు జిల్లాలలో బూజు పట్టిన మొక్కజొన్న తిని కాలేయం చెడి 100 మందికి పైగా మరణించినారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు దానిని పరిశోధించినారు. కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి తిన్నచో ఈ విషం కాలేయ క్యాన్సరుకు దారి తీయును.

పప్పు వేయించినంత మాత్రాన, బిస్కెట్టు కాల్చినంత మాత్రాన ఇది పూర్తిగా నశించదు. అందుకే చేటలో ఏరుటయే అసలు రక్షణ.

ఆ ఏరిన పప్పు గేదె తిన్నచో ఏమగును? తిన్న విషంలో నూటికి ఆరు వంతుల వరకు రూపు మార్చుకొని పాలలోకి దిగును. అదీ ఒకటి రెండు రోజులలోనే. లాక్టోమీటరు దీనిని చూపదు, వెన్న పరీక్షలో ఇది తేలదు, పాలు కాచినా పోదు. మన దేశ ఆహార ప్రమాణాల ప్రకారం కిలో పాలలో ఇది అర మైక్రోగ్రాముకు మించరాదు. గ్రామును పది లక్షల భాగాలు చేయగా అందులో సగం భాగమన్నమాట. ఒక ఇంటి పాలు క్యానులో కలిసిన తరువాత ఎవరి పాలు ఎవరివో చెప్పలేము. బిస్కెట్టులో నుంచి తీసివేసిన విషం, బిస్కెట్టుతో పాటు ఇచ్చే పాల గ్లాసులో పిల్ల వద్దకే తిరిగి వచ్చును.

వేరుశనగ చెక్కను పూర్తిగా మానివేయమని దీని అర్థం కాదు. బూజు లేని తాజా చెక్క పాడి పశువుకు మంచి బలం. మానవలసినది బూజు పట్టిన చెక్క, ఏరి వేసిన పప్పు, తడిసిన దాణా. వీటిని మేకలకు, కోళ్ళకు కూడా వేయరాదు. గానుగకు పోయే మంచి పప్పులోనూ కలపరాదు. మూతికి గుడ్డ కట్టుకొని తీసుకొనిపోయి లోతుగా గొయ్యి తీసి పూడ్చవలెను. కాయలను ఊపితే లోపల పప్పు గలగలలాడే వరకు ఎండబెట్టి, బస్తాలను నేలకు, గోడకు తగలకుండా బల్లపై ఉంచవలెను. దాణా బస్తాకూ అదే పద్ధతి.

ఆనాడు అరుగు మీద ఈ సంగతి చెప్పగా అధ్యక్షురాలు చేట ప్రక్కన పెట్టి, "మరి ఇన్నాళ్ళూ పిల్లలు తాగిన పాలో సార్?" అని అడిగినారు. కొంతసేపు జవాబు చెప్పలేకపోయినాను. జరిగినదానికి ఎవరూ లెక్క కట్టలేరని, అయితే అటువంటి మేత మానిన నాలుగైదు రోజులలో పాలు తేరుకొనునని చెప్పినాను. ఆమె మారు మాట్లాడక లేచి, తట్ట తీసుకొని పెరటిలోకి వెళ్ళినారు. నేను సంఘం కార్యాలయానికి తిరిగి వెళ్ళి, లోగడ నేనిచ్చిన సలహా తప్పు అని, దానిని ఉపసంహరించుకొన్నానని తనిఖీ పుస్తకంలో వ్రాసి సంతకం చేసినాను. బిస్కెట్టుకు పనికిరాని పప్పు బర్రెకూ పనికిరాదు. ఇంతే పాఠము.

కార్యదర్శులకు సూచన: ఈ పాఠమును నెలవారీ సమావేశంలో చదివి వినిపించి, క్రింది ప్రశ్నలపై సభ్యులచే మాట్లాడించవలెను.

1. మీ ఇంట్లో ఏరి వేసిన పప్పు ఇప్పుడు ఎక్కడికి పోతున్నది?

2. మీ దాణా బస్తా నేలమీద ఉన్నదా, బల్లపై ఉన్నదా? అడుగున చేయి పెట్టి చూచినారా?

3. పాలు కాచినచో ఈ విషం పోవునా? కాచినా పోనప్పుడు దానిని ఎక్కడ ఆపవలెను?

4. వారంలో ఎన్ని లీటర్ల పాలు మీ పిల్లల కొరకు ఇంట్లో ఉంచుకొంటున్నారు?