పాత నాణెం వేరు, అరుదైన నాణెం వేరు

రాజుల కాలం నాటి ఐరోపా బంగారు నాణెం అమ్మకానికి వచ్చినపుడు అందులో రెండు ధరలు ఇమిడి ఉన్నవని వర్తకులు గమనించాలి. ఒకటి లోహపు ధర, రెండవది అరుదు నాణెమైనందుకు వచ్చే ధర. మొదటిదానిని త్రాసు, గీటురాయి చెబుతాయి. రెండవదానిని అవి చెప్పలేవు. ఈ రెండింటిని ఒకటిగా చూసినవారికే నష్టం.

ముందు లోహం లెక్క చూద్దాం. బ్రిటిష్ సవరను బరువు 7.988 గ్రాములు, 22 కారట్లు. అందులో మేలిమి 7.322 గ్రాములు. (మన బజారులో కాసు అంటే 8 గ్రాముల లెక్క.) 'నెపోలియన్' అని పేరుపడిన ఫ్రాన్సు 20 ఫ్రాంకుల నాణెంలో మేలిమి 5.806 గ్రాములు. ఆస్ట్రియా డకట్‌లో 3.442 గ్రాములు. లెక్క కోసం గ్రాము మేలిమి రూ. 10,000 అనుకుంటే వీటి లోహపు ధర వరుసగా రూ. 73,220, రూ. 58,060, రూ. 34,420. అంతకు మించి అడిగే ప్రతి రూపాయికి కారణం ఉండాలి.

నాణెంపై ఉన్న సంవత్సరం ఒక్కటే ఆ కారణం కాజాలదు. ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి 1916లో మరణించాడు. అయినా ఆయన బొమ్మతో, 1915 అనే సంవత్సరంతోనే వియన్నా టంకశాల డకట్లను తరువాత కూడా ముద్రిస్తూ వచ్చినది. అవి దొంగ నాణేలు కావు, అరుదైనవీ కావు. వాటికి బంగారం ధరే ఆధారం.

దీనికి భిన్నమైనది 1917 నాటి లండన్ సవరను. ఆ ఏడు అక్కడ పది లక్షలకు పైగా ముద్రించారు. వాటిలో అత్యధిక భాగం యుద్ధకాలపు చెల్లింపుల కింద అమెరికా చేరి కరిగిపోయినదని నిపుణుల అభిప్రాయం. మిగిలినవి బహు కొద్ది. కాగా అదే సంవత్సరం సిడ్నీ, పెర్త్ టంకశాలల సవరనులు సులభంగా దొరుకుతాయి. వాటిని గుర్తించేది ఒక్క అక్షరమే. గుర్రంపై సెయింట్ జార్జి ఉన్న వైపు, సంవత్సరానికి పైన ఉన్న నేలపై 'ఎస్' లేదా 'పి' ఉంటుంది. లండన్ నాణెంపై ఏ అక్షరమూ ఉండదు. 1918లో మాత్రమే సవరను ముద్రించిన బొంబాయి టంకశాల గుర్తు 'ఐ'. అవి సుమారు 12 లక్షల 95 వేలు.

లేని అక్షరానికే విలువ గనుక 1917 లండన్ సవరనుకు నకిలీలు మెండు. నకిలీలో కూడా బంగారం సరిగానే ఉండవచ్చు. అందుచేత గీటురాయిపై నెగ్గినంత మాత్రాన అరుదు ధర చెల్లించరాదు. బరువు, వ్యాసం, అక్షరాల పదును, అంచు గీతలు భూతద్దంతో చూడాలి. పెద్ద మొత్తమైతే నిపుణుని ధ్రువీకరణ తప్పనిసరి.

కాసులపేరులో గుచ్చడానికి కొక్కెం అతికించిన సవరను, మెరుగు పెట్టిన సవరను బంగారంగా చెల్లుతుంది. సేకర్తల దృష్టిలో చాలా విలువ కోల్పోతుంది. మెరుపు కోసం నాణేన్ని తోమరాదు.

మరొక సంగతి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. ప్రైవేటు వ్యక్తులు దానిని విదేశాలకు పంపరాదు. వాటి అమ్మకం వ్యాపారానికి లైసెన్సు కావాలి. విదేశీ వేలం ధర చూసి ఇక్కడ బేరం కుదుర్చుకునేవారు ఇది మరువరాదు.

కొనేముందు త్రాసు ఎంత అవసరమో, కరిగించేముందు భూతద్దం అంత అవసరం. మూసలో పడిన అరుదు నాణెం తిరిగి రాదు.