బిగిసిన మీట, తప్పిన ఒత్తు

కవరైపేట్టై ప్రాంతమున తెలుగు చదువుకొను మన పిల్లలకు పలకతోపాటు కీబోర్డు కూడ వ్రాతపరికరమైనది. పలక పగిలినచో కంటికి కనబడును. కీబోర్డులో ఒక మీట బిగిసినచో మాత్రము తప్పు పిల్లవానిదిగా తోచును. అందుచేత తల్లిదండ్రుల కుపయోగపడునని ఈ పాఠము వ్రాయుచున్నాము.

భారతీయ భాషలకై 1986లో రూపొందిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ఇంగ్లీషు ‘డి’ మీటను నొక్కిన తెలుగున పొల్లు వచ్చును. షిఫ్ట్‌తో కలిపి నొక్కిన ‘అ’ వచ్చును. ఆ ఒక్క మీట పనిచేయనిచో ‘అమ్మ’ అను మాట ‘మమ’ అగును. తమిళమునకును అదే మీట పుళ్ళి నిచ్చును గనుక రెండు భాషల వ్రాతయు చెడును.

మొదట దోషమెచ్చట నున్నదో తెలిసికొనవలెను. భాషను ఇంగ్లీషునకు మార్చి ఆ మీటను నొక్కి చూడుడు. ఇంగ్లీషు అక్షరము సరిగా వచ్చినచో మీట మంచిదే. తెలుగు అమరిక మారియుండును. విండోసులో కుడి షిఫ్ట్‌ను 8 సెకనులు అదిమి పట్టినచో ‘ఫిల్టర్ కీస్’ అను ఏర్పాటు మొదలగును. అప్పుడు త్వరగా నొక్కిన మీటలు పలుకవు. సెట్టింగులలో దానిని ఆపవలెను. తెరమీది కీబోర్డులో అక్షరము వచ్చి, చేతిక్రింది మీటతో రానిచో దోషము మీటదే.

సాధారణ కీబోర్డులలో మీట క్రింద రబ్బరు గుబ్బ యుండును. నొక్కగా అణగి, విడువగా మీటను పైకి లేపును. దుమ్ము, తినుబండారముల పొడి, ఒలికిన తీపి పానీయము దానికి అడ్డుపడును. కంప్యూటరును ఆపి, తీగను ఊడదీసి, కీబోర్డును బోర్లించి మెల్లగా తట్టవలెను. మెత్తని కుంచెతో సందులను తుడువవలెను. జిగట వదలనిచో ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కొద్దిగా తడిపిన దూదితో మీట అంచులను తుడిచి, పూర్తిగా ఆరిన పిమ్మట తీగను తగిలింపవలెను. నూనె వేయరాదు, అది దుమ్మును మరింత పట్టును. ల్యాప్‌టాపు మీటలను గోటితోనైనను పెకలింపరాదు. వాని క్రింది సన్నని కొక్కెములు విరుగును. అట్టి పనిని మరమ్మతుదారునకే విడువవలెను.

మరమ్మతు అగువరకు తెరమీది కీబోర్డుతో పని సాగింపవచ్చును. ఒత్తులు విడిచి వ్రాయుటకు మాత్రము పిల్లలను అలవాటు చేయరాదు. ఇంటిపనిలో ఒత్తులు తప్పినచో, కోపపడుటకు ముందు అదే మాటను నోటుపుస్తకములో వ్రాయింపుడు. అచ్చట సరిగా వ్రాసినచో మీటను పరీక్షింపుడు. అచ్చటను తప్పినచో ప్రక్కన కూర్చుండి ఆ ఒత్తును దిద్దింపుడు. మన పిల్లలకు తెలుగు వ్రాత చూపువారు బడి వెలుపల మీరే గదా.